మోకు చివరి ఆల్చిప్పలు

వీగో,
జూన్ 5

ఎరుందీనా అత్తయ్యకు మేనకోడలు అల్దారా నమస్కరించి రాయునది.

ఈ ఉత్తరం ప్లాస్టిక్ సంచిలో, ఖాళీ ఐసు పెట్టెలో, రోజూ మన ఊరికీ వీగోకూ తిరిగే బాల్తసార్ వ్యానులో మీకు చేరుతుంది. ఫోను చేయవచ్చు. కానీ ఫోనులో మీరు సగం విని, "అదంతా సరే, తిన్నావా లేదా ముందు చెప్పు" అంటారు. ఈ పనిలో వివరాలు ఎక్కువ. కాగితం మీద ఉంటే మళ్ళీ చూసుకోవడానికి వీలుగా ఉంటుంది.

పెట్టెతో వచ్చిన బూడిదరంగు డబ్బాయే మా ప్రయోగశాలలో తయారుచేసిన బయోసెన్సార్. దాన్ని మీ ఆల్చిప్పల తెప్ప మధ్య దూలానికి కట్టి, పది మీటర్ల లోతుకు దించండి. ఆరు గంటలకొకసారి అది కొద్దిగా సముద్రపు నీరు తీసుకుంటుంది. లోపలి పట్టీ మీద ప్రతిరక్షకాలు అతికించి ఉన్నాయి. నాచుకణాలు వదిలే విషాన్ని తప్ప మరి దేన్నీ అవి పట్టుకోవు. సంతలో ఎంత గోల ఉన్నా మీరు నా గొంతు ఒక్కటే గుర్తుపట్టేవారు, అలాగన్నమాట. ఎంత విషం పట్టుకుందో ఆ లెక్క ఇక్కడ నా కంప్యూటరుకు వస్తుంది.

దీనితో పాటు సోమ, బుధ, శుక్రవారాల్లో మీ తెప్ప నుంచి ఇరవై ఆల్చిప్పలు కావాలి. వాటి కడుపులోని ముదురు ముద్దను నూరి, అదే రకం పట్టీ మీద పరీక్షిస్తాను. నీటిలో ఉన్నదీ, ఆల్చిప్పలో చేరినదీ ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయో లేదో చూడాలి. ఇంట్లో వాళ్ళకు పంపేటంత జాగ్రత్తగా పంపండి, అది చాలు.

జూలై పదహారున కార్మే మాత పండుగకు మీరు ఊరందరికీ ఆల్చిప్పల గుండిగ పెట్టడం ఇది యాభయ్యోసారి అని గుర్తుంది. ఆ రోజుకు తప్పకుండా వస్తాను.

మీ
అల్దారా


కంబేలో,
జూన్ 9

అల్దారా తల్లీ,

నీ డబ్బా దించాను. పడవ నడపడం కన్నా నీ ముడి వేయడమే కష్టమైంది. బొమ్మ గీసి పంపావు గదా, ఆ బొమ్మలో తాడు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. చివరికి మీ నాన్న నేర్పిన ముడే వేశాను. నా తమ్ముడు బతికున్నన్నాళ్ళూ వాడి ముడి ఒక్కటీ ఊడలేదు.

డబ్బా దించుతుంటే అవతలి ఒడ్డు ఒతేరో నుంచి అమాన్సియో పడవ ఆపి మరీ చూశాడు. ఏమిటది అన్నాడు. సముద్రం వాసన చూసే ముక్కు అన్నాను. "నీ ముక్కు చాలదా ఎరుందీనా, ఊళ్ళో ఎవరింట్లో ఏం వండారో అన్నీ నీకే తెలుస్తాయిగా" అన్నాడు. నేను తాడు బిగించుకుంటూ కూర్చున్నాను. మాట్లాడితే వాడికి మజా.

వాడి ఆత్రం దేనికో నీకు తెలుసు. పండుగనాడు ఆల్చిప్పలు ఎవరి తెప్పవైతే గరిటె వాళ్ళ చేతిలో ఉండాలి. మా అత్తగారు చనిపోయిన ఏటి నుంచి ఆ గరిటె నాది. నీళ్ళలో విషం చేరి మన జోన్ మూతపడితే, అంటే ఇక్కడివి తీయనివ్వకపోతే, ఆల్చిప్పలు ఒతేరో నుంచి రావాలి, అప్పుడు గరిటె వాడికి పోతుంది. ఇరవై ఏళ్ళుగా అందుకోసమే ప్రతి జూన్‌లోనూ మన వైపు నీళ్ళు చూస్తూ కూర్చుంటాడు. ఈ యాభయ్యోది కూడా నా ఆల్చిప్పలతో నా చేతి మీదుగా జరిగితే, వచ్చే ఏడు ఎవరికిచ్చినా నాకు దిగులు లేదు.

ఇరవై ఆల్చిప్పలు పెట్టాను. జాగ్రత్త అన్నావుగా, చూడు ఎలా ఉన్నాయో. తిన్నావా?

నీ అత్త
ఎరుందీనా


వీగో,
జూన్ 14

ప్రియమైన అత్తయ్యకు,

నాన్న ముడి సంగతి రాసిన కాగితాన్ని మడిచి నా పర్సులో దాచుకున్నాను. సెన్సార్ చక్కగా పనిచేస్తోంది.

ఒక్క విషయం మాత్రం నాకు అర్థం కావడం లేదు. పది మీటర్ల దగ్గర నీటిలో విషం రోజురోజుకూ పెరుగుతోంది. మీరు పంపిన ఆల్చిప్పల్లో మాత్రం దాదాపు లేదు. కిలోకు ఇరవై మైక్రోగ్రాములు మాత్రమే వస్తోంది. అమ్మకం ఆపవలసిన హద్దు నూట అరవై. ఆ నీరు తాగే ప్రాణి అంత శుభ్రంగా ఉండటం సాధ్యం కాదు. పట్టీలో లోపం ఉందేమోనని కొత్త పట్టీలతో మూడుసార్లు చేశాను. అదే లెక్క వచ్చింది.

అందుకని అడుగుతున్నాను, మరోలా అనుకోకండి. పొరపాటున ఇవి వేరే తెప్పవి గానీ, లోపలి వైపు నీళ్ళలో కొన్నాళ్ళు ఉంచినవి గానీ కాదు కదా?

మీ
అల్దారా


కంబేలో,
జూన్ 19

అల్దారాకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్ళజోడు మార్చి చదివాను, తప్పు చదివానేమోనని.

వేరే తెప్పవా? అంటే అమాన్సియో తెప్పవి తెచ్చి నావని పంపుతున్నానా? తెప్ప కింద నీళ్ళలో వేలాడే ఐదు వందల మోకులూ నా చేత్తో కట్టుకున్నదాన్ని. ఏ మోకుకు ఏ ఏడు పిల్ల ఆల్చిప్పలు చుట్టానో నిద్రలో అడిగినా చెబుతాను. చిన్నప్పుడు నీ జడలు నేనే వేశాను, ఆ జడ నీదేనా అని నేనెప్పుడూ అడగలేదు.

ఇంకో వార్త విను. ఆల్చిప్పల్లో విషం పరీక్షించే ప్రభుత్వ పర్యవేక్షణ కేంద్రం వాళ్ళు మొన్న శనివారం మన జోన్ మూసేశారు. వాళ్ళ పరీక్షలో విషం వచ్చిందట. నీ పట్టీ ఏమో నా ఆల్చిప్పలు శుభ్రం అంటోంది. ఊరంతా నవ్వుతోంది. "నీ ముక్కుకు జలుబు చేసింది ఎరుందీనా, వేడినీళ్ళ ఆవిరి పట్టు" అన్నాడు అమాన్సియో, నలుగురిలో, బాల్తసార్ వ్యాను దగ్గర. బాల్తసార్ కూడా నవ్వాడు. వాడికి ఈ వారం కాఫీ ఇవ్వలేదు.

అయినా మాట ఇచ్చాను కాబట్టి పంపుతున్నాను. ఈసారి ఇంకా మంచివి ఏరాను. వేరే తెప్పవని ఎవరైనా అనగలరేమో నువ్వే చూడు. కూర పెట్టి కాల్చిన ఎంపనాద కూడా పెట్టాను. కోపం నీ మీద గానీ నీ కడుపు మీద కాదు.

ఎరుందీనా


వీగో,
జూన్ 23

ప్రియమైన అత్తయ్యా,

మీరు నొచ్చుకున్నారు. తప్పు నాది. నా అనుమానం పట్టీ మీద తప్ప మీ మీద లేదు. ఆ మాట ముందు రాసి, తర్వాత ప్రశ్న వేయవలసింది. క్షమించండి. ఎంపనాద ఒక్కపూటలో అయిపోయింది. మా గదిలో నలుగురం పంచుకున్నాం, అందరికంటే పెద్ద ముక్క నేనే తీసుకున్నాను.

ఇవాళ పరీక్ష మొదలుపెట్టే ముందు మీ ఆల్చిప్పలను వరసగా బల్ల మీద పేర్చి చూస్తూ నిలబడ్డాను. ఇంతకాలం వాటిని కోయడమే గానీ చూడలేదు. ఇరవైకి ఇరవై ఒకే పొడవు. పెంకు మీద ఒక్క తెల్లటి పొక్కు లేదు. మోకును పట్టుకునే పీచు తీసేసి ఉంది. అద్దంలా మెరుస్తున్నాయి. ఏ తెప్ప మీదా ఆల్చిప్పలు ఇలా కాయవు అత్తయ్యా.

ఇవి మోకులో ఏ భాగం నుంచి తీస్తున్నారు? ఎలా ఏరుతున్నారు? మొదటి నుంచి చెప్పండి. ఏదీ చిన్న విషయం అనుకోకండి.

మీ
అల్దారా


కంబేలో,
జూన్ 26

తల్లీ,

ఎలా ఏరుతానో అడిగావు కాబట్టి చెబుతాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

తెప్ప ముందు వరస మోకులు పట్టుకుంటాను. అక్కడ నీటి వడి బాగా తగులుతుంది, ఆల్చిప్ప కండ పట్టి ఉంటుంది. మోకు పైకి లాగి, మొదటి మీటరులోవే తీస్తాను. వెలుతురు తగిలేది వాటికే, పెంకు నల్లగా నిగనిగలాడుతుంది. రెండు వందలు తీస్తే అందులో ఇరవై నిలుస్తాయి. పీచు లాగేసి, బ్రష్షుతో రుద్ది, మంచినీళ్ళలో ఒక్క ముంచు ముంచి పెట్టెలో పెడతాను. మోకు అడుగువి గిడసబారి, పొక్కులు పట్టి, బురద వాసనేస్తుంటాయి. అవి డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీకి పోతాయి. అవి నీకు పంపడానికి నాకు చేతులెలా వస్తాయి? మా అమ్మ సైన్యంలో ఉన్న మీ నాన్నకు పంపినా, నేను మీ అమ్మ పురిటికి పంపినా, ఎప్పుడూ మొదటి మీటరువే.

ఇంట్లో వాళ్ళకు పంపేటట్టు పంపమన్నావు. అలాగే పంపాను. అందులో తప్పేముంది?

నీ అత్త
ఎరుందీనా


వీగో,
జూన్ 30

బంగారు అత్తయ్యకు,

మీ ఉత్తరం చదివి పకపకా నవ్వాను. పక్క గదిలోవాళ్ళు వచ్చి ఏమైందని అడిగారు. మీ మీద కాదు, నా మీద నవ్వుకున్నాను. కొలతలన్నీ దశాంశాలతో సహా రాసి, అసలు చెప్పవలసిన ఒక్క మాట, ఏ లోతు అన్నది, రాయకుండా "ఇంట్లో వాళ్ళకు పంపేటట్టు" అని రాశాను. కంబేలోలో పుట్టి పెరిగిన నాకు ఆ మాటకు అర్థమేమిటో తెలిసి ఉండాలి.

జరిగింది ఇది. ఆ నాచుకణాలు నీటిలో అన్నిచోట్లా సమంగా ఉండవు. ఈ నెలంతా అవి ఎనిమిది, పది మీటర్ల మధ్య పలచటి దుప్పటిలా పరుచుకుని ఉన్నాయి. అడుగు ఆల్చిప్పలు ఆ దుప్పటిలోనే తింటూ వచ్చాయి. పై మీటరువి దానికి పైన ఉండిపోయాయి. సెన్సార్ అడుగు నీళ్ళ నిజం చెప్పింది, మీ ఆల్చిప్పలు పై నీళ్ళ నిజం చెప్పాయి. కేంద్రం వాళ్ళు మూడు లోతుల నుంచీ తీసి కలిపి చూస్తారు, అందుకే జోన్ మూశారు. ఎవరికీ జలుబు చేయలేదు.

ఇకనుంచి మూడు సంచులు కావాలి. ఒక మీటరువి, ఐదు మీటర్లవి, పది మీటర్లవి. ఏరకూడదు, రుద్దకూడదు, పీచు తీయకూడదు. కళ్ళు మూసుకుని చేతికి ఏది తగిలితే అది. సంచి మీద లోతూ మీ పేరూ రాయండి. గిడసబారినవి ఉంటే అవే నాకు ఎక్కువ చెబుతాయి.

మీకిది కష్టమని తెలుసు. అయినా అడుగుతున్నాను.

మీ
అల్దారా


కంబేలో,
జూలై 7

అల్దారా తల్లీ,

ఈ వారమంతా నువ్వు చెప్పినట్టే చేశాను. పది మీటర్ల సంచి కట్టి వ్యానులో పెడుతుంటే బాల్తసార్ లోపలికి తొంగి చూసి, "చెత్తా ఇది?" అన్నాడు. అవును అన్నాను. సంచి మీద లోతు రాశాను గానీ పేరు రాయలేదు. అది మాత్రం అడగకు. ఎరుందీనా తెప్పవి ఇవి అని ఆ మొహాల మీద రాసుకోలేను.

నీ లెక్కలూ కేంద్రం లెక్కలూ ఇప్పుడు ఒక్క తీరుగా వస్తున్నాయని నిన్న చీటీ పంపావు చూడు, అది వంటింటి గోడకు అంటించాను. మొన్న బుధవారం జోన్ తెరిచారు. ఉత్తరపు గాలి నాలుగు రోజులు విడవకుండా కొట్టింది, మన సముద్రపు పాయంతా కడిగేసింది. వార్త తెలియగానే గుండిగ కిందికి దించి, బూడిదతో తోమి, ఎండలో బోర్లించాను. అమాన్సియో పడవలో పోతూ చూశాడు. చెయ్యి ఊపాను. వాడు ఊపలేదు.

ఇంక తొమ్మిది రోజులు. గుండిగలో వేయడానికి లారెల్ ఆకు ఎండబెట్టాను. నీ మంచం దులిపాను.

అత్త


వీగో,
జూలై 12

ప్రియమైన అత్తయ్యకు,

ఈ ఉత్తరం రాయడానికి మనసు రావడం లేదు. అయినా రేపటికి ఆపితే మీకు ఆలోచించుకోవడానికి ఒక రోజు తగ్గుతుంది.

సోమవారం గాలి దక్షిణానికి తిరిగింది. అది మీకు నాకంటే ముందే తెలిసి ఉంటుంది. బయటి సముద్రంలోని నాచుకణాలను ఆ గాలి మన పాయలోకి తోస్తోంది. నిన్నటి నుంచి సెన్సార్ లెక్క నిలువుగా పైకి పోతోంది. ఇవాళ్టి సంచుల్లో పది మీటర్లవి నూట నలభై ఎనిమిది, ఐదు మీటర్లవి తొంభై, ఒక మీటరువి ముప్పై ఐదు. నా కొలతలో పదిహేను అటూ ఇటూ ఉండవచ్చు.

కేంద్రం వాళ్ళు సోమవారం ఉదయం, గాలి తిరగకముందు, నమూనా తీశారు. అది హద్దులోపే ఉంది. కాబట్టి చట్టం ప్రకారం జోన్ తెరిచే ఉంది. వాళ్ళకు ఫోను చేసి నా లెక్కలు చెప్పాను. శ్రద్ధగా విన్నారు. శనివారం వచ్చి తీస్తామన్నారు, ఫలితం సోమవారం వస్తుంది. పండుగ ఆదివారం.

ఉడికిస్తే ఈ విషం పోదు అత్తయ్యా. రుచి మారదు, వాసన రాదు. ప్రాణం తీయదు గానీ ఊరంతటికీ రెండు రోజులు కడుపు జాడిస్తుంది. పిల్లలూ ముసలివాళ్ళూ నీరసించిపోతారు. నా సెన్సార్‌కు జోన్ మూసే అధికారం లేదు. నాకూ లేదు. నాకు తెలిసింది మీకు చెబుతున్నాను, అంతే.

మీ
అల్దారా


కంబేలో,
జూలై 13

అల్దారా,

పొద్దున్నే చదివాను. గుండిగ ఇంకా ఎండలోనే ఉంది.

పండుగ పెద్దలకు చెప్పాను. తెరిచిన జోన్‌ను మనమే మూసుకోవడమేమిటి, నవ్విపోతారు అన్నారు. 

ఒకటి ఆలోచించాను. దుప్పటి అడుగున ఉంటుందన్నావుగా. పై మీటరువి శుభ్రమన్నావుగా. మొత్తం ఐదు వందల మోకులూ లాగి, పై మీటరువే కోసి వండుతాను. రెండు రోజులు పడుతుంది, చేతులు పడిపోతాయి, పోనీ. ఇవాళ్టివి మూడు సంచులూ పంపుతున్నాను. చూసి సరేనను.

అత్త


వీగో,
జూలై 14

అత్తయ్యా,

సంచులు రాగానే పని మొదలుపెట్టాను. మీ ఆలోచనలో తప్పు లేదు, పదిహేను రోజుల క్రితమైతే సరేననేదాన్ని. కానీ దక్షిణపు గాలి నీళ్ళను కలిపేసింది. దుప్పటి ఇప్పుడు దుప్పటిగా లేదు. పది మీటర్లవి హద్దు దాటి నూట డెబ్బై ఒకటి. ఒక మీటరువి మొన్న ముప్పై ఐదు, ఇవాళ డెబ్బై రెండు. ఆదివారానికి ఎంత అవుతుందో నేను చెప్పలేను. చెప్పలేనిదాన్ని ఊరందరి కంచాల్లో పెట్టమని అనలేను.

ఒతేరో తెప్పలు కొండకొమ్ము చాటున, లోపలి నీళ్ళలో ఉన్నాయి. అక్కడికి ఈ గాలి ఇంకా చేరలేదు. నిన్న సాయంత్రం బాల్తసార్ చేత అక్కడివి కూడా మూడు లోతులవీ తెప్పించి చూశాను. పన్నెండు దాటలేదు. కేంద్రం వాళ్ళ లెక్కా అదే.

మీరు ఏ నిర్ణయం తీసుకున్నా మీ మేనకోడలినే. సోమవారం వరకు నమూనాలు వదిలి రాలేను. ఈసారి పండుగకు రాలేకపోతున్నందుకు మన్నించండి.

మీ
అల్దారా


కంబేలో,
జూలై 19

నా తల్లికి,

శనివారం పొద్దున్నే పడవేసుకుని ఒతేరో వెళ్ళాను. అమాన్సియో తెప్ప మీద కూర్చుని మోకులు చుడుతున్నాడు.

"దారి తప్పావా?" అన్నాడు.

"తెలిసే వచ్చాను. రేపటికి మూడు వందల కిలోలు కావాలి."

చేతిలో మోకు కింద పెట్టాడు. "మీ జోన్ తెరిచే ఉందిగా."

"తెరిచే ఉంది. నా ముక్కు వద్దంటోంది."

"దానికి జలుబు తగ్గిందా?"

"దానికెప్పుడూ జలుబు లేదు. నేనే కడిగి తుడిచి అత్తరు పూసిన చేయి చూపించి వాసన చెప్పమన్నాను."

అప్పుడు నువ్వు రాసిన ఉత్తరాలన్నీ వాడి ముందు పెట్టాను. నిదానంగా చదివాడు. తలెత్తి, "గరిటె సంగతి తెలుసుగా" అన్నాడు. తెలిసే అడుగుతున్నానన్నాను. వాడు లేచి నిలబడ్డాడు. మోకు లాగడం మొదలుపెట్టాడు. నేనూ పట్టుకున్నాను. పడవ నిండే వరకు ఇద్దరం లాగాం.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మన పెద్దలు మొహాలు ముడుచుకుని నిలబడ్డారు. గరిటె నేనే చేతికిచ్చాను. పట్టుకోవడం కూడా రాదు వాడికి, తెడ్డు పట్టినట్టు పట్టాడు. ఎర్రకారం తక్కువేశాడు, మూత ముందే తీశాడు. చేతులు ఒడిలో పెట్టుకుని ఊరుకున్నాను. అదెంత కష్టమో నీ పట్టీలు కొలవలేవు.

మొదటి కంచం సముద్రం మీద ఎక్కువేళ్ళు గడిపినవాళ్ళకు ఇవ్వాలి గదా. ఇన్నేళ్ళూ నేనే ఎవరికో ఒకరికి ఇస్తూ వచ్చాను. వాడు కంచం నింపి నా ముందుకు తెచ్చి, కూర్చోమన్నాడు. నాకు అలవాటు లేదన్నాను.

"నలభై తొమ్మిదేళ్ళు నిలబడ్డావు. ఒక్క పూట కూర్చుంటే సముద్రం ఇంకిపోదు" అన్నాడు. అని, అందరికీ వినబడేలా, "గరిటె నాది, గుండిగ ఈవిడది. ఈ యాభయ్యోదీ ఈవిడ లెక్కలోదే" అన్నాడు.

కూర్చున్నాను తల్లీ. పెళ్ళయ్యాక పండుగనాడు వేడివేడి ఆల్చిప్పలు తినడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ చివర చల్లారినవే మిగిలేవి. ఒతేరోవి బాగానే ఉన్నాయి. ఈ మాట వాడికి రాయకు. తర్వాత తప్పెట, బూర మొదలయ్యాయి. పెద్దలు కూడా మూడోసారి వడ్డించుకున్నారు. ఊళ్ళో ఒక్కరికీ కడుపు నొప్పి రాలేదు.

సోమవారం కేంద్రం వాళ్ళు మన జోన్ మూశారు. లెక్క నీదే. అప్పటి నుంచి పెద్దలు ఒక్కొక్కరే వచ్చి, ఆ డబ్బాలు ఇంకా ఉన్నాయా అని అడిగి పోతున్నారు. అమాన్సియో కూడా ఒకటి కావాలన్నాడు, "నీదానికంటే పెద్దది" అని మరీ చెప్పమన్నాడు.

మూడు సంచులు పెట్టాను. కళ్ళు మూసుకునే తీశాను. తిన్నావా?

నీ అత్త
ఎరుందీనా


వీగో,
జూలై 21

పూజ్యులైన అత్తయ్యకు,

అమాన్సియోగారి కోసం సెన్సార్ సిద్ధం చేస్తున్నాను. మీ దానికంటే పెద్దది కాదు, అన్నీ ఒకే కొలత. ఆ సంగతి మీరే చెప్పండి, మీకు సరదాగా ఉంటుంది. వచ్చే శనివారం నేనే తెచ్చి దించుతాను, వారం రోజులు ఉంటాను.

పది మీటర్ల సంచి ఇప్పుడే తెరిచాను. గిడసబారినవి ఏడు, పొక్కులు పట్టినవి తొమ్మిది, పెంకు వంకరపోయినవి నాలుగు. అన్నిటికీ పీచు ఉంది, ఒకదానికి బురద కూడా ఉంది. సంచి మీద నీలి సిరాతో, పెద్ద అక్షరాలతో, ఇటు అంచు నుంచి అటు అంచు దాకా, "ఎరుందీనా తెప్ప, కంబేలో" అని రాసి ఉంది. నమూనాల పుస్తకంలో కూడా అలాగే ఎక్కించాను.

లెక్క మూడు వందల పది. తినడానికి ఎంతమాత్రం పనికిరావు. ఇంత అందమైన ఆల్చిప్పలు నేనెప్పుడూ చూడలేదు.

తిన్నాను.

మీ
అల్దారా